కర్ర ఇల్లు, ఊరి మాట



"ఇల్లు నాది, ఖర్చు నాది. పైకప్పు మార్చుకోవడానికి ఊరందరినీ అడగాలా?" పాత ఇల్లు బాగు చేయించుకోబోయే యజమాని ఎవరైనా ముందు అనే మాట ఇదే. ఆ మాటను నేను తప్పు పట్టను. కారుతున్న కప్పు కమిటీ నిర్ణయం వచ్చేదాకా ఆగదు. అదే వీధిలో చిన్నప్పటి నుంచి తిరుగుతున్న మనిషిని కదిపితే ఇంకో మాట వినిపిస్తుంది. "ఆ మలుపులో చెక్క వరండా ఇల్లుండేది. సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి లేదు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు." ఆయన బాధ కూడా అబద్ధం కాదు. ఈ ఇద్దరి మధ్య ఊరు కల్పించుకోవాలా, కల్పించుకుంటే ఎంతవరకు? ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

మన ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అయింది. నోటికి మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే వస్తుంది. ఈ ప్రసంగంలోనూ అక్కడక్కడా వస్తే మన్నించండి. విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చిన బంధువులు ఇక్కడి చరిత్ర చూపించమంటే ఎక్కడికి తీసుకెళ్తాం? సెల్యులార్ జైలుకు. అక్కణ్నుంచి పడవలో రాస్ దీవికి, అంటే ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపానికి. ఓపికుంటే వైపర్ దీవికి. జైలు, జైలు పెట్టినవాళ్ల బంగళాలు, ఉరికొయ్య. అంతటితో చరిత్ర పూర్తయిపోతుంది. ఆ జైళ్ల నుంచి బయటపడ్డవాళ్లు తరవాత ఎక్కడ బతికారు, ఎలాంటి ఇళ్లు కట్టుకున్నారు అన్నది మనం చూపించం, వాళ్లూ అడగరు.

నిజానికి ఈ చోటును ఊరుగా మార్చింది ఆ ఇళ్లే. 1858 మార్చిలో బ్రిటిష్ అధికారి డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలను వెంటబెట్టుకొచ్చి ఇక్కడ శిక్షా స్థావరం మొదలుపెట్టాడు. తరవాత్తరవాత, కొన్నేళ్లు మంచి నడవడితో గడిపిన ఖైదీకి టికెట్ ఇచ్చి, కాస్త నేల చూపించి, సొంతంగా బతకమనేవారు. వాళ్లకు సెల్ఫ్ సపోర్టర్లని పేరు. సౌత్ పాయింట్‌లో ఉన్న ఆడవాళ్ల జైలు నుంచి ఒక ఖైదీని పెళ్లాడే వీలు కూడా వాళ్లకు ఉండేది. మగవాడిది ఒక రాష్ట్రం, ఆడమనిషిది ఇంకో రాష్ట్రం. కులం కలవదు, భాష కలవదు, ఒక్కోసారి మతమూ కలవదు. ఆ జంటల సంతతే ఇవాళ మనం లోకల్ బార్న్ అంటున్న కుటుంబాలు. సొంతూరు పోయి, ఇంటిపేరు పోయి, చివరికి తినే తిండి కూడా మారిపోయిన మనుషులకు ఇది నాదని చెప్పుకోవడానికి మళ్లీ దొరికిన మొదటి వస్తువు ఇల్లు. హైదరాబాదులో చారిత్రక గృహం అంటే నవాబుగారి దేవిడీ. మన దగ్గర చారిత్రక గృహం అంటే శిక్ష పూర్తిచేసుకున్నవాడు గుంజలు పాతి కట్టుకున్న కర్ర ఇల్లు. నా దృష్టిలో రెండో దానికే విలువ ఎక్కువ. ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు.

ఈ చరిత్రలో మన తెలుగువాళ్ల వాటా ఎంత అని అడగవచ్చు. మన్యం పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర ఇక్కడే ద్వీపాంతర శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో లోక్‌సభకు వెళ్లాడు. ఆయన పేరు చెప్పుకుని గర్వపడతాం, పడాల్సిందే. అయితే ఇవాళ మనం ఇక్కడ ఇంతమందిమి ఉండటానికి కారణం జైలు కాదు, సముద్రం, కూలి పని, మేస్త్రీ పని. 2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబారు దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి పదమూడు మంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలలతో వచ్చినవాళ్లు కొందరు, తాపీతో, ఉలితో వచ్చినవాళ్లు కొందరు. ఆ పాత ఇళ్లు కట్టినవాళ్లు మన తాతలు కాకపోవచ్చు. వాటిని కూల్చే సమ్మెటా, నిలబెట్టే ఉలీ మాత్రం చాలాచోట్ల మనవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. అందుకే ఈ విషయం తెలుగులో మాట్లాడటం అవసరం.

ఒక ఇల్లు దగ్గరగా చూద్దాం. అబర్డీన్ బజారు గంటస్తంభం దాటాక ఒక సందులో ఉంది. నడుమెత్తు గుంజల మీద నిలబడ్డ ఇల్లు. కింద గాలి ఆడుతుంది, కట్టెలు పెట్టుకుంటారు, కోళ్లు తిరుగుతాయి. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే ఊళ్లో నేలకు ఆనించి ఇల్లు కడితే గచ్చు ఎప్పుడూ చెమ్మే. మెట్లెక్కి లోపలికి వెళ్తే కాళ్ల కింద పడౌక్ పలకలు. మొదట్లో ఇటుకరంగులో ఉండి ఉంటాయి, నాలుగు తరాల పాదాల కింద ముదిరి ఇప్పుడు నల్లటి ఎరుపు. గోడలకు గర్జన్ చెక్క, చేప పొలుసుల్లా పైపలక అంచు కిందిపలక మీదికి వచ్చేలా కొట్టారు. వాన ఎంత ఏటవాలుగా కొట్టినా నీళ్లు బయటికే జారతాయి. చూరు కింద జానెడు మేర చెక్క జాలీ, ఉక్క పైకి పోవడానికి. కప్పు ముడతల రేకు. మరమ్మతుకు ముందు ఇల్లు మొత్తం మీద సిమెంటు అనేది మెట్ల దగ్గర తప్ప ఎక్కడా ఉండేది కాదు.

ఆ ఇంట్లో పనికి వచ్చిన మేస్త్రీ సోంపేట వైపు మనిషి. ఇంటి పెద్దావిడ మాట్లాడేది హిందుస్తానీ. కొడుకులు ఇల్లు తీసేసి స్లాబు వేద్దామంటున్నారు, ఆవిడ కనీసం వరండా అయినా ఉంచమంటోంది. మేస్త్రీ ఇద్దరి మాటా వింటూనే మూల గుంజ దగ్గర గొంతుక్కూచుని సన్న ఉలితో పొడిచి చూశాడు. నేల నుంచి జానెడు ఎత్తుదాకా ఉలి ఇట్టే దిగిపోయింది. ఆ పైన ఠంగుమని ఎగిరొచ్చింది. "కింద జానెడే పోనాది బాబూ. పైనంతా గట్టి చేవ. తీసేయమంటే తీసేస్తాను గానీ ఇలాటి కర్ర మళ్లీ తెచ్చి నా చేతికి ఇమ్మనండి, చూద్దాం" అన్నాడు. చివరికి ఆ గుంజకు పక్కన జాకీ పెట్టి ఎత్తి, కుళ్లిన ముక్క కోసేసి, పాతదాని చివర సగం, కొత్తదాని చివర సగం చెక్కి, రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చి, బోల్టులు బిగించాడు. గుంజ పాదం మట్టిని తాకకుండా కింద చిన్న సిమెంటు దిమ్మ, దాని మీద ఇనప కుదురు. చెదకు దారి లేదు. అదే ఇంటికి వెనకవైపు సిమెంటు బాత్రూము కట్టారు, వంటింట్లో గ్యాసు గట్టు పోశారు, కొత్త వైరింగు వేశారు. వీధిలోంచి చూస్తే ఇల్లు ఇల్లులాగే ఉంది. పాత ఇంటి బాగుచేత అంటే ఇంతకన్నా పెద్ద శాస్త్రం ఏమీ లేదు.

మరి కొడుకుల వాదన సంగతి? స్లాబు గట్టిది, కర్ర బలహీనం అన్న నమ్మకం వాళ్లొక్కరిదే కాదు. ఈ దీవులన్నీ భూకంప ముప్పు బాగా ఎక్కువగా ఉన్న జోన్‌లో ఉన్నాయి. 2002 సెప్టెంబరు 14 తెల్లవారుజామున ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ వైపు 6.5 తీవ్రతతో భూమి కంపించింది. ఐఐటీ కాన్పూరు నుంచి దుర్గేశ్ రాయ్, మన సీవీఆర్ మూర్తి వచ్చి ఊరూరా తిరిగి చూశారు. సంప్రదాయ కర్ర చట్రం ఇళ్లు బాగా తట్టుకున్నాయని, సరైన కట్టుబాటు లేని ఇటుక, కాంక్రీటు పనులే దెబ్బతిన్నాయని వాళ్లు రాశారు. కారణం తేలికైనదే. కర్ర ఇల్లు బరువు తక్కువ, కీళ్ల దగ్గర కాస్త ఊగుతుంది, ఊగి మళ్లీ సర్దుకుంటుంది. లెక్క తప్పిన స్లాబు ఊగదు, విరుగుతుంది. అలాగని కాంక్రీటంతా చెడ్డదని నేననను. ఇంజినీరు లెక్క ప్రకారం కడితే అదీ నిలబడుతుంది. కానీ పైసాకూ పరకకూ చూసుకుని, సముద్రపు ఇసుక కలిపి, చాలీచాలని ఊచతో పోసిన స్లాబు ఉప్పుగాలికి లోపలినుంచే తుప్పుపడుతుంది. పెచ్చులూడిన అలాంటి స్లాబులు ఊళ్లో ఎన్ని చూడాలంటే అన్ని.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. కర్ర ఇల్లు మంచిదే, మరి కర్ర ఏది? 2002 మే 7న సుప్రీంకోర్టు, శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక చూశాక, ఈ దీవుల అడవుల మీద గట్టి ఉత్తర్వులిచ్చింది. కలప కొట్టడం బాగా తగ్గింది, బయటికి వ్యాపారం ఆగింది, తీరంలో ఇసుక తవ్వకానికీ కళ్లెం పడింది. అడవి విషయంలో ఆ ఉత్తర్వు అవసరమైనదే, ఆ మాటలో నాకు సందేహం లేదు. కానీ దాని నీడ పాత ఇళ్ల మీద పడింది. 1883 నుంచి నడుస్తున్న చాతమ్ రంపపు మిల్లు ఊరికి ఆనుకునే ఉన్నా, నాలుగు పడౌక్ పలకలు సంపాదించడం ఇవాళ మామూలు కుటుంబానికి తేలిక పని కాదు. ఇటు ఇసుకా లేదు, అటు కలపా లేదు. సిమెంటు, ఊచ ఓడలో వస్తాయి. మిల్లులో కలప దొరకదు, దుకాణంలో సిమెంటు దొరుకుతుంది కాబట్టి ఇంటివాడు దుకాణానికే వెళ్తాడు. ఆ ఇంటివాణ్ని వారసత్వం తెలియని మనిషని తిట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఇప్పుడు చట్టం సంగతి. "ఇల్లు నాది" అన్న మాట మన దీవుల్లో పూర్తిగా నిజం కూడా కాదు. 1966 నాటి భూమి రెవెన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం ఇక్కడి నేల ప్రభుత్వానిది, మనకున్నది అనుభవ హక్కు. కట్టడానికి ఎలాగూ పురపాలక మండలి అనుమతి కావాలి. అంటే ఊరి మాట ఇప్పటికే మన ఇంట్లో ఉంది, అది సెట్‌బ్యాకు ఎంత, అంతస్తులెన్ని అన్నంతవరకే అడుగుతోంది. కేంద్రం 2016లో రాసి అన్ని రాష్ట్రాలకూ, కేంద్రపాలిత ప్రాంతాలకూ పంపిన నమూనా భవన నిబంధనల్లో వారసత్వ కట్టడాలకు ఒక అధ్యాయమే ఉంది. పట్టణంలో ఒక వారసత్వ పరిరక్షణ కమిటీ, ఒక జాబితా, ఆ జాబితాలో మూడు తరగతులు. మొదటి తరగతి దేశానికంతటికీ ముఖ్యమైనవి, వాటిని లోపలా బయటా ముట్టుకోకూడదు, బలపరచడానికి తప్ప. రెండో తరగతి ప్రాంతానికి ముఖ్యమైనవి. లోపలి మార్పులకు సాధారణంగా అభ్యంతరం ఉండదు, బయటి రూపం మారిస్తే పరిశీలిస్తారు. మూడోది వీధి అందానికి, ఊరి స్వభావానికి ముఖ్యమైనవి. వాటికి ఇంకా సడలింపు, పక్కన కొత్త గది వేసుకోవచ్చు, కాకపోతే పాతదానితో పొత్తు కుదరాలి. మన కర్ర ఇళ్లు చాలామటుకు ఈ మూడో తరగతిలోకే వస్తాయి. అంటే ఇంట్లో వంటగది మార్చుకుంటే సాధారణంగా అభ్యంతరం పెట్టరు, వీధివైపు వరండా పీకేస్తే అడుగుతారు. ఇందులో భయపడాల్సింది ఏముంది?

ఈ పద్ధతి కొత్తదీ కాదు. అమెరికాలో చార్ల్‌స్టన్ అని సముద్రపు ఊరొకటి ఉంది. వరండాల ఇళ్లు, తుపాన్లు, 1886లో పెద్ద భూకంపం, ఆ తరవాత గోడలు విడిపోకుండా ఇళ్లకు అడ్డంగా దూర్చిన ఇనప కడ్డీలు. మనకు చుట్టం లాంటి ఊరు. 1931లోనే ఆ ఊరు పాత ఇళ్ల మార్పుచేర్పులు చూడటానికి ఒక పరిశీలక మండలి పెట్టుకుంది. వీధిలోంచి కనబడే భాగం మీదనే దాని అజమాయిషీ. ఇంటి లోపల మీ ఇష్టం.

మన దేశంలో 1995లో ముంబై, అదే ఏడాది హైదరాబాదు ఈ దారి పట్టాయి. హైదరాబాదు అనుభవం మనం కాస్త నిదానంగా చూడాలి. పట్టణాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనల్లో పదమూడో నిబంధన చేరింది. నూటికి పైగా కట్టడాలు, వాటితోపాటు కొన్ని రాతి గుట్టలూ జాబితాకెక్కాయి. బండరాయిని కూడా వారసత్వమని రాసుకున్న ఊరు అది, ఆ తెలివికి నేను ఇప్పటికీ నమస్కారం పెడతాను. ఇరవై ఏళ్లు గడిచాక 2015 డిసెంబరులో ఆ పదమూడో నిబంధననే తీసేశారు. 2017లో తెలంగాణ కొత్త వారసత్వ చట్టం తెచ్చుకుంది. 2019లో ఎర్రమంజిల్ పడగొట్టి అక్కడ శాసనసభ కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. ఎర్రమంజిల్ కూడా ఒకప్పుడు ఇల్లే, నవాబు ఫక్రుల్ ముల్క్ కాపురమున్న మేడ. జనం కోర్టుకెక్కారు, ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కోర్టుదాకా పోగలిగిన మేడ నిలిచింది. పాతబస్తీ సందుల్లో వకీలు లేని ఇళ్ల కథ వేరు. కాగితం మీది నిబంధన ఎంత గట్టిదో, దాన్ని తీసేయడం అంత తేలిక. దాన్ని కావాలనుకునే ఇంటివాళ్లు ఊళ్లో లేకపోతే ఆ తీసేసిన రోజు ఎవరూ అడగరు. జాబితాకెక్కిన ఇల్లు అమ్ముడుపోదు, కట్టనివ్వరు, మరమ్మతుకు పైసా ఇవ్వరు అన్న భయం ఏ ఊళ్లోనైనా యజమానుల్ని జాబితాకే శత్రువుల్ని చేస్తుంది.

పుదుచ్చేరిలో ఇంకో దారి కనిపిస్తుంది. మన యానాం కూడా ఆ పాలనలోనిదే కదా, పరాయి ఊరేమీ కాదు. అక్కడ వైశ్యాల్ వీధి ఇళ్లకు ముందు అరుగులు, అరుగుల మీద కర్ర స్తంభాలు, పెంకుల చూరు. యూరపు నిధులతో, ఇన్‌టాక్ సంస్థ సాయంతో ఆ వీధిలో ఇళ్ల ముఖాలు బాగుచేశారు. ఇంటివాళ్ల ఖర్చులో కొంత భాగం ప్రాజెక్టు భరించింది. 2008లో ఆ పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ముందు డబ్బు చూపించారు, తరవాతే నియమం చెప్పారు. అదే ఊళ్లో సముద్రం ఒడ్డున ఉన్న పాత పురపాలక భవనం మేరీ, ప్రభుత్వం చేతిలో ఉండి కూడా, 2014 నవంబరు వానకు కుప్పకూలింది. వారసత్వమని పేరు పెట్టి మరమ్మతు మరిస్తే ఏమవుతుందో అదే ఊరు నేర్పింది. ఆ తరవాత దాన్ని మళ్లీ పాత రూపంలోనే కట్టుకున్నారు.

మన ఊళ్లో ఇలాంటి పరిశీలన ఎప్పుడూ జరగలేదా అంటే, జరిగింది. అధికారులు పెట్టినది కాదు, జనం పెట్టినది. సెల్యులార్ జైలు 1896 నుంచి 1906 దాకా కట్టారు. ఏడు రెక్కలు, ఏడు వందలకు కాస్త తక్కువగా గదులు. జపాను ఆక్రమణ కాలంలో రెండు రెక్కలు పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక, మన చేతుల మీదుగా, ఇంకో రెండు పోయాయి. ఆ ఆవరణలో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి లేచింది. ఊరికి ఆసుపత్రి అవసరం కాదని ఎవరంటారు? కానీ ఆ గదుల్లో ఏళ్లు గడిపిన మాజీ రాజకీయ ఖైదీలు కలకత్తాలో సంఘం కట్టి, ఢిల్లీకి అర్జీలు పెట్టి, ఇక చాలు ఆపమన్నారు. ఆపారు. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయి దాన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. ఇవాళ మనం బంధువులకు చూపిస్తున్న మూడు రెక్కలూ ఆ ముసలివాళ్ల పట్టుదల వల్ల మిగిలినవి. ఒక్క మాట గమనించండి. ఆ కట్టడంలో బాధపడినవాళ్లే దాన్ని ఉంచమన్నారు. అందులో ఎన్నడూ ఉండనివాళ్లు తీసేయమన్నారు.

నికోబారు మాట చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. అక్కడ ఇల్లు ఒక మనిషిది కాదు, తుహెట్ అనే ఉమ్మడి కుటుంబానిది. గుంజల మీద గుండ్రని గడ్డి గుమ్మటం, కింది నుంచి నిచ్చెనెక్కి లోపలికి పోవాలి. ఎక్కడ కట్టాలి, ఎప్పుడు కప్పు మార్చాలి, ఎవరు గడ్డి తేవాలి అన్నది పెద్దలు, కెప్టెను అని పిలిచే ఊరి నాయకుడు కూర్చుని తేల్చుకునేవారు. నేను ఇందాకటి నుంచి చెబుతున్న స్థానిక పరిశీలన అంటే అదే, ఏ నిబంధనా రాయకముందే ఉన్నది. 2004 డిసెంబరు 26 సునామీ ఆ తీర గ్రామాలను తుడిచిపెట్టేసింది. ప్రభుత్వం శాశ్వత నివాసాలు కట్టి ఇచ్చింది. ఇనప చట్రం, రేకులు, వరసలు వరసలుగా ఒకే నమూనా, ఇంటికో చిన్న కుటుంబం. నీడ దొరికింది, అది కాదనలేం. తుహెట్ మాత్రం ఆ వరసల్లో ముక్కలైంది. నమూనా గీసేటప్పుడు కెప్టెన్ల మాట మొదటి బల్ల మీదికి వచ్చి ఉంటే ఇళ్లు ఇంకోలా ఉండేవి. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లకు జరిగింది కూడా ఇంచుమించు ఇదే. గాలివానకు తలవంచి నిలబడే ఆ గుండ్రటి ఇళ్ల చోట పక్కా కాలనీ పేరుతో నలుచదరపు పెట్టెలు వచ్చాయి. అక్కడి వాళ్లని అడిగిందెవరు?

ఇంతకీ మన ఊరికి ఎలాంటి కమిటీ కావాలి? నా మట్టుకు నాకు కొన్ని పట్టింపులు ఉన్నాయి. కమిటీలో ఆర్కిటెక్టు, ఇంజినీరు ఎలాగూ ఉంటారు. చేయి తిరిగిన వడ్రంగి ఒకరు, ఓటు హక్కుతో ఉండాలి. గుంజ ఎంతవరకు పోయిందో ఉలితో పొడిచి చెప్పగలిగినవాడు అతనే. పాత ఇంట్లో కాపురమున్న ఆడవాళ్లు ఉండాలి, ఎందుకంటే కప్పు ఎక్కడ కారుతుందో వాళ్లకు తెలిసినట్టు మగవాళ్లకు తెలియదు. రేకు మార్చడం, పలక మార్చడం, రంగు వేయడం లాంటి వాటికి ఒక చీటీ రాసి ఇస్తే చాలు, అనుమతి అక్కర్లేదు అని తేల్చేయాలి. నమూనా నిబంధనలు రంగుకు కూడా అనుమతి అడుగుతున్నాయి. మూడో తరగతి ఇళ్లకు అది మితిమీరిన పని. అర్జీకి గడువు పెట్టాలి, గడువులోపు జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

అన్నిటికన్నా ముఖ్యం కలప. కమిటీ ఒప్పుకున్న మరమ్మతుకు చాతమ్ నుంచి నిర్ణయించిన ధరకు కొలత ప్రకారం కలప ఇవ్వాలి. ఎక్కువ అడగడం లేదు. ఒక గుంజ పాదానికి, పది పలకలకు సరిపడా అంతే. అందుకోసం కొత్తగా అడవి కొట్టాల్సిన పని కూడా చాలాచోట్ల ఉండదు. బాగుచేయడానికి వీల్లేని ఇళ్లు కొన్ని ఉంటాయి, అవి పడగొట్టక తప్పదు. పడగొట్టిన ఇంటి దూలాలు, పలకలు కట్టెలకింద, సెంట్రింగు చెక్కకింద పోకుండా ఒక షెడ్డులో చేర్చి, కొలిచి, నంబరు వేసి, ఇంకో పాత ఇంటి మరమ్మతుకు అమ్మితే సగం కొరత అక్కడే తీరుతుంది. ఆ కలప వందేళ్లు ఆరిన కలప, ఇక వంకర తిరగదు. ఇవేమీ చేయకుండా వరండా పీకవద్దని నోటీసు అంటించే కమిటీ అయితే మనకు వద్దు. ఆ నోటీసు తడిసిపోయేలోపు వరండా తానే కూలిపోతుంది.

ఇక శ్రోతలకు ఒక మనవి. మీ ఇల్లో, మీరు అద్దెకున్న ఇల్లో, మీరు పనికి వెళ్లే ఇల్లో పాత కర్ర ఇల్లయితే, ఏ మేకూ పీకకముందు నాలుగువైపులా ఫోటోలు తీయండి. వరండా, జాలీ, గుంజలు, మెట్లు విడివిడిగా తీయండి. పొడవు వెడల్పులు టేపుతో కొలిచి కాగితం మీద రాయండి. ఇంటి పెద్దవాళ్లు ఉంటే అది ఎవరు కట్టారో, కలప ఎక్కడిదో అడిగి తేదీ వేసి రాసిపెట్టండి. మేస్త్రీలుగా ఉన్న మన తెలుగు సోదరులకు వేరుగా చెబుతున్నాను: పడగొట్టే బేరం ఒప్పుకునే ముందు గుంజను ఒకసారి ఉలితో పొడిచి, ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఇంటివాళ్లకు చూపించండి. నిర్ణయం వాళ్లే తీసుకుంటారు. కమిటీ వచ్చినా రాకపోయినా ఈ పని మనం రేపు పొద్దున్నే మొదలుపెట్టవచ్చు.